శివారు పంచాయతీల్లో బాడుగదారుల లెక్క ఏది?

సంపాదకులకు నమస్కారం.

అనంతపురాన్ని ఆనుకొని ఉన్న రుద్రంపేట, నారాయణపురం, కక్కలపల్లి, పాపంపేట వంటి శివారు ప్రాంతాల అభివృద్ధి గురించి మాట్లాడేవారంతా అక్కడ సెంటు స్థలం ఎంత పలుకుతోందన్న దగ్గరే ఆగిపోతున్నారు. ఆ లెక్కన ఇవి కలిగిన ఊళ్లే. వానను నమ్ముకొని వేరుశనగ విత్తిన చేలల్లో నేడు రెండంతస్తుల ఇళ్లు, కల్యాణ మండపాలు, ప్రైవేటు బడులు వెలిశాయి. అయితే భూమి అమ్మిన డబ్బు ఒక్కసారి వచ్చేది. నెలనెలా ఈ ఊళ్లను నడిపిస్తున్నది బాడుగ. పింఛను మీద, బెంగళూరులో ఉద్యోగం చేసే పిల్లలు పంపే డబ్బు మీద, కింది పోర్షన్ల బాడుగల మీద బతికే కుటుంబాలు మా వీధిలోనే ఎన్నో ఉన్నాయి. నేనూ ఒక ఇంటి యజమానినే.

ఆ బాడుగ చెల్లిస్తున్నది ఎక్కువగా సేద్యం గిట్టుబాటు కాక వచ్చినవారు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే కురిసే ఈ సీమలో బోర్లు ఎండి, అప్పులు మిగిలి, కళ్యాణదుర్గం, బెళుగుప్ప, కూడేరు వైపు పల్లెల నుంచి వచ్చి బేల్దారి పనుల్లో, దుకాణాల్లో, ఆసుపత్రుల్లో కుదురుకున్నవారు కొందరైతే, పిల్లల చదువు కోసం కాపురం మార్చినవారు మరికొందరు. సెంట్రింగు, టైల్స్ పనులకు బీహారు, ఒడిశాల నుంచి వచ్చినవారు వీరికి తోడు.

2011 జనగణనలో నగరపాలక సంస్థ పరిధిలో సుమారు 2.61 లక్షల మంది, శివార్లతో కలిపిన పట్టణ సముదాయంలో సుమారు 3.40 లక్షల మంది తేలారు. ఆ తరువాత పదిహేనేళ్ల వలస ఏ లెక్కలోనూ లేదు. పైన యజమాని, కింద రెండు పోర్షన్లు, మిద్దె మీద ఒక రేకుల గది ఉన్న ఇంట్లో నాలుగు కుటుంబాలు కాపురముంటాయి. పంచాయతీ దస్త్రంలో మాత్రం అది ఒకే ఇంటి నంబరు, ఒకే పన్ను, ఒకే కొళాయి. వేసవిలో ఆ ఒక్క కొళాయి నీరు సంపు అడుగు కూడా తడపదు. ట్యాంకరు ఖర్చు బాడుగదారుల వంతుకే ఎక్కువ పడుతుంది.

ఈ సంగతి వారు గ్రామసభలో అడగలేకపోవడానికి కారణం ఉంది. రాజ్యాంగంలోని 243వ అధికరణం ప్రకారం గ్రామసభ అంటే ఆ గ్రామ ఓటర్ల జాబితాలో నమోదైనవారు. వీరిలో చాలామంది ఓటు సొంత పల్లెలోనే ఉంటుంది, పోలింగు రోజున బస్సెక్కి వెళ్లి వేసి వస్తారు. ఇంటి స్థలం, పింఛను, అక్కడి బంధుత్వాలు ఉన్నంతకాలం ఆ ఓటును వదులుకోమనడం తేలిక కాదు, తప్పుపట్టడమూ న్యాయం కాదు. కానీ 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ఓటుకు సాధారణ నివాసాన్నే ప్రాతిపదికగా చేసి, ఒకచోట ఇల్లున్నంత మాత్రాన అక్కడి నివాసి కాబోరని కూడా స్పష్టంగా చెప్పింది. బెంగళూరులో స్థిరపడి ఇక్కడి ఇంటి చిరునామాతో ఓటు నిలుపుకొన్నవారికంటే, ఇదే ఇంట్లో ఏళ్లుగా ఉంటున్న బాడుగదారుకే చట్టరీత్యా ఇక్కడ ఎక్కువ హక్కుందన్నమాట. ఈ మాట మాలాంటి యజమానులకు రుచించదు.

2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా తీసుకున్న జనగణనలో సిబ్బంది ఇంటి నంబరుతో సరిపెట్టక ప్రతి పోర్షనును విడి కుటుంబంగా నమోదు చేసేలా అధికారులు చూడాలి. ఓటు మార్చుకోవాలనుకునేవారి కోసం పంచాయతీ కార్యాలయాల్లో ఫారం 8 నింపించే ఏర్పాటు సెలవు దినాల్లో చేయాలి, ఎందుకంటే బేల్దారికి పనిరోజు పోతే కూలి పోతుంది. చిరునామాకు ఆధారమైన బాడుగ పత్రాన్ని పన్ను పెరుగుతుందన్న భయంతో రాసివ్వని యజమానులకు ఆ భయం తీర్చవలసినది కూడా పంచాయతీయే. వచ్చే వేసవి నీటి ప్రణాళికను కొళాయిల సంఖ్యను బట్టి కాక, ఈ కుటుంబాల సంఖ్యను బట్టి వేయాలని జిల్లా యంత్రాంగానికి మీ పత్రిక ద్వారా విన్నవిస్తున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉద్యోగి,
అనంతపురం