ముందు రోజు రాత్రి ఏం మార్చారు?

సంపాదకుడు గారికి,

రిజిస్ట్రేషన్లు రోజంతా నిలిచిపోయాయని గత వారం మీరు వేసిన వార్త చదివాను. ముహూర్తం చూసుకుని వచ్చినవాళ్లు దస్తావేజులు పట్టుకుని సాయంత్రం దాకా పడిగాపులు కాస్తే, అధికారులు చెప్పింది ‘సాంకేతిక లోపం’ అని. మీ విలేకరీ అక్కడితో సరిపెట్టేశారు. ముందు రోజు రాత్రి రిజిస్ట్రేషన్ శాఖ సర్వర్లలో ఏం మార్చారని అడగొద్దా?

నిన్నటిదాకా నడిచిన సిస్టమ్ ఇవాళ ఆగిందంటే డిస్క్ నిండి ఉండొచ్చు, సర్వర్‌ని నమ్మొచ్చని చూపే డిజిటల్ సర్టిఫికెట్ గడువు తీరి ఉండొచ్చు. చాలాసార్లు మాత్రం ఎవరో చెయ్యి పెట్టి ఉంటారు. అది తేలాలంటే సర్వర్ ఎలా ఉండాలో రాసిపెట్టిన బేస్‌లైన్ కావాలి: ఆపరేటింగ్ సిస్టమ్ వెర్షన్, వేసిన ప్యాచ్‌లు (లోపాలు సరిచేసే అప్‌డేట్లు), తెరిచిన పోర్టులు (నెట్‌వర్క్ దారులు), ఏ రాకపోకలను ఆపాలో చెప్పే ఫైర్‌వాల్ రూల్స్, డేటాబేస్ సెట్టింగులు, సర్టిఫికెట్ల గడువు తేదీలు. రోజూ రాత్రి సర్వర్‌ని దాంతో పోల్చి తేడాలు చూపే స్క్రిప్ట్, అంటే చిన్న ప్రోగ్రామ్, రాయడం పెద్ద పనేం కాదు. మన దగ్గర ఆ వివరాలు టెండరు దక్కిన ప్రైవేటు ఏజెన్సీ ఇంజినీరు ల్యాప్‌టాప్‌లో ఉంటాయి. టెండరు మారితే అతనితోపాటే పోతాయి.

మార్పులు ఫోన్ల మీదే అయిపోతాయి. ‘ఆ పోర్టు కాస్త ఓపెన్ చెయ్యండి’ అంటే చాలు. టెస్ట్ సర్వర్ ఉన్నా అందులో పాత వెర్షనే ఉంటుంది కాబట్టి, అక్కడ పాసైంది ఇక్కడ పడిపోతుంది. బ్యాకప్ తీస్తారు, రీస్టోర్ చేసి చూడరు.

ఒక్క మార్పు ఎంత పని చేస్తుందో చూడండి: 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అనే సైబర్ భద్రతా సంస్థ పంపిన ఒక్క ఫైలు దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలను పడగొట్టింది. శంషాబాద్‌లో కూడా బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఒక వెర్షన్ వెనక ఉంటే క్షేమమని సెట్టింగు పెట్టుకున్న సంస్థలూ దెబ్బతిన్నాయి. ఆ సెట్టింగు సాఫ్ట్‌వేర్ వెర్షన్‌కే వర్తించింది, ఆ సాఫ్ట్‌వేర్ ఏం గమనించాలో చెప్పే ఇలాంటి కంటెంట్ ఫైళ్లకు కాదు. 78 నిమిషాల్లో ఫైలు వెనక్కి తీసుకున్నా, పడిపోయిన యంత్రాలను చాలాచోట్ల ఒక్కొక్కటిగా సేఫ్ మోడ్‌లో (అత్యవసరమైన ప్రోగ్రామ్‌లతోనే) తెరిచి దాన్ని తీసేయాల్సి వచ్చింది. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే 48 అంకెల రికవరీ కీ కూడా కొట్టాలి. తర్వాత ఆ సంస్థ 20 ఇన్‌పుట్లు అందేచోట 21వది చదవబోయి తమ ప్రోగ్రామ్ కూలిందని నివేదికలో బయటపెట్టింది. మన శాఖలు ఏనాడైనా అంత వివరం చెప్పాయా? వెబ్‌సైట్ పనిచేయకపోయినా, రేషన్ యంత్రం వేలిముద్ర తీసుకోకపోయినా అదే రెండు మాటల జవాబు.

రిజిస్ట్రేషన్లు ఆగడానికి ముందు సర్వర్లలో చేసిన మార్పుల రికార్డు బయటపెట్టాలి: ఎవరు అడిగారు, ఎవరు ఒప్పుకున్నారు, ఎక్కడ పరీక్షించారు, ఎన్ని గంటలకు వేశారు. ఇకముందు ఏ మార్పయినా మొదట ఒక్క సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో వేసి, రెండు పనిదినాలు చూసి, మిగతా చోట్లకు పంపాలి. అత్యవసరమైతే ముందు సరిచేసి మర్నాడే రికార్డు రాయాలి. రిజిస్ట్రేషన్ కాక ఆ రోజు తిరిగి వెళ్లిపోయినవాళ్లకు మళ్లీ డబ్బు అడగకుండా స్లాట్లు ఇవ్వాలి.

– ఒక పాఠకుడు, హనుమకొండ