వార్షిక నివేదిక: డెల్టా సిగ్మా థీటా మహిళల ప్రజాసేవకు మన సంఘం సత్కారం

గౌరవనీయ సభ్యులందరికీ కార్యవర్గం తరఫున నమస్కారాలు.

సంక్రాంతి ముగ్గుల పోటీలు, పిల్లల తెలుగు తరగతులు, వనభోజనాలు ఈ ఏడాది కూడా చక్కగా జరిగాయి. వాటి జమాఖర్చుల వివరాలు కోశాధికారి విడిగా సమర్పిస్తున్నారు. ఈ నివేదికను మాత్రం ఉగాది వేదికపై మనం చేసిన సత్కారానికి, దాని వెంబడి మొదలైన పనికి కేటాయించాలని కార్యవర్గం నిర్ణయించింది. వాషింగ్టన్ పరిసరాల్లో మన పొరుగునే ఏళ్ల తరబడి ప్రజాసేవ చేస్తున్న డెల్టా సిగ్మా థీటా సొరోరిటీ (కళాశాల విద్యార్థినుల సోదరీ సంఘం) స్థానిక శాఖకు ఆ రోజు పోచంపల్లి శాలువాలు కప్పి, జ్ఞాపిక అందజేశాం. ఎరుపు, మీగడ రంగులు వారి సంస్థ గుర్తులు కాబట్టి మన మహిళా విభాగం వెతికి మరీ ఆ రంగుల శాలువాలనే తెప్పించింది.

తెలుగువారి వేదికపై ఈ సత్కారం ఎందుకని కొందరు సభ్యులు అడిగారు. అడగదగిన ప్రశ్నే కనుక వివరంగా సమాధానం చెప్పడం మా బాధ్యత.

1913 జనవరి 13న ఇదే నగరంలోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో 22 మంది ఆఫ్రికన్ అమెరికన్ విద్యార్థినులు ఈ సంస్థను స్థాపించారు. రెండు నెలలైనా తిరగకముందే, మార్చి 3న, ఉడ్రో విల్సన్ అధ్యక్షుడిగా ప్రమాణం చేయడానికి ముందు రోజు, పెన్సిల్వేనియా అవెన్యూలో జరిగిన మహిళా ఓటు హక్కు ఊరేగింపులో వారు నడిచారు. నల్లజాతి మహిళలు వెనక వరసల్లో నడిస్తే బాగుంటుందని నిర్వాహకుల్లోనే కొందరు ఒత్తిడి తెచ్చిన రోజులవి. దారికి ఇరువైపులా గుమిగూడిన మూకలు ఊరేగింపును అడ్డుకుని, మహిళలను దూషించి, తోసివేశాయి. అయినా ఆ విద్యార్థినులు నడక ఆపలేదు. సంస్థగా వారు చేసిన మొదటి బహిరంగ కార్యం అదే కావడం మాకు ఎంతో గౌరవం కలిగిస్తున్నది. స్థాపకుల్లో ఒకరైన బెర్తా పిట్స్ క్యాంప్‌బెల్ 1981లో, తొంభై దాటిన వయసులో, అదే వీధిలో వేలాది సభ్యురాళ్ల ముందు నడిచారు.

డిగ్రీ చేతికి రాగానే వారి సభ్యత్వం ముగిసిపోదు. పూర్వ విద్యార్థినుల శాఖల ద్వారా ఉద్యోగాల్లో, సంసారాల్లో, చివరికి విశ్రాంత జీవితంలోనూ సేవ కొనసాగుతుంది. 1919లో వారి మొదటి జాతీయ అధ్యక్షురాలైన శాడీ టానర్ మోసెల్ అలెగ్జాండర్ 1921లో ఆర్థికశాస్త్రంలో పీహెచ్‌డీ సాధించారు. ఆ శాస్త్రంలో ఆ పట్టా పొందిన మొదటి ఆఫ్రికన్ అమెరికన్ ఆమే. 1947 నుంచి అధ్యక్షురాలిగా ఉన్న డొరొతీ హైట్ 1952లో ఢిల్లీలోని సామాజిక సేవా విద్యాలయంలో పాఠాలు చెప్పారు. నల్లజాతి వారికి గ్రంథాలయాల గడప కూడా తొక్కనివ్వని అమెరికా దక్షిణాది పల్లెలకు పుస్తకాలు చేర్చడానికి ఈ మహిళలు 1937లో జాతీయ గ్రంథాలయ పథకం చేపట్టారు. దాదాపు అదే కాలంలో గ్రంథాలయోద్యమ నాయకులు పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువలపై పడవలో పుస్తకాలు తిప్పిన సంగతి మన పెద్దలకు గుర్తుండే ఉంటుంది. ఈ మాట సభలో చెప్పినప్పుడు అతిథులు పడవ గురించి ఎన్నో ప్రశ్నలు అడిగి తెలుసుకున్నారు.

ఇక అసలు సమాధానం. 1920లో రాజ్యాంగం మహిళలకు ఓటు ఇచ్చినా, దక్షిణాదిలో నల్లజాతి మహిళలకు అది నిజంగా దక్కడానికి 1965 ఆగస్టులో ఓటు హక్కు చట్టం రావలసి వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో, అదే పౌర హక్కుల ఉద్యమం కల్పించిన వాతావరణంలో, దేశాలవారీ కోటాలను తొలగించిన వలస చట్టం వచ్చింది. మనలో అత్యధికులం, లేదా మన తల్లిదండ్రులు, ఈ దేశంలో అడుగుపెట్టింది ఆ చట్టం తెరిచిన దారిలోనే. ఆ ఉద్యమాన్ని దశాబ్దాల పాటు భుజాన మోసిన వారిలో ఈ మహిళలు ఉన్నారు కాబట్టి ఇది మర్యాద కోసం చేసిన సత్కారం కాదని, చాలా ఆలస్యంగా చెప్పుకున్న కృతజ్ఞత అని కార్యవర్గం భావిస్తున్నది.

ఉగాది తర్వాత వారి సభ్యురాళ్లు మన వాలంటీర్లకు ఓటరు నమోదులో శిక్షణ ఇచ్చారు. గుడి ప్రాంగణంలో బల్ల వేసిన మొదటి రోజున వారు పనిచేసిన తీరు మనం నేర్చుకోదగినది. ఎవరు వచ్చినా ఫారం చేతికి ఇవ్వకముందే పౌరసత్వం ఉందా అని మృదువుగా అడుగుతారు. ఎందుకంటే గ్రీన్ కార్డు మీద, హెచ్1బీ మీద ఉన్నవారు పొరపాటున నమోదైనా ఇక్కడి నివాసానికే ముప్పు రావచ్చు. సంతకం, తేదీ ఉన్నాయో లేదో వచ్చినవారి ఎదుటే సరిచూస్తారు. ఏ అభ్యర్థి పేరూ ఎత్తరు, ఏ పార్టీ బ్యాడ్జీ బల్ల దరిదాపులకు రానివ్వరు. పన్ను మినహాయింపు ఉన్న మన సంఘం కూడా చట్టప్రకారం ఏ అభ్యర్థినీ సమర్థించకూడదు కనుక ఈ నియమాన్ని మనమూ తు.చ. తప్పకుండా పాటించాం.

శిక్షణలో తెలిసిన మరో విషయం మన పెద్దలకు ఎంతో అవసరం. ఓటు హక్కు చట్టంలోని 208వ సెక్షన్ ప్రకారం, చూపు లేకపోవడం, వైకల్యం, లేదా చదవడం రాయడం రాకపోవడం వల్ల సాయం కావలసిన ఓటరు తనకు నచ్చిన మనిషిని తోడు తెచ్చుకోవచ్చు; ఆ మనిషి ఓటరుకు ఉద్యోగమిచ్చిన యజమాని గానీ, ఆ యజమాని ప్రతినిధి గానీ, ఓటరు కార్మిక యూనియన్ ప్రతినిధి గానీ కాకూడదు. ఇంగ్లీషు బ్యాలెట్ చదవలేక ఇంట్లోనే ఉండిపోతున్న అమ్మమ్మలు, తాతయ్యలు ఇకపై కొడుకునో, కోడలినో, మనవరాలినో వెంట తీసుకుని వెళ్లవచ్చు. పౌరసత్వం వచ్చి ఏళ్లు గడిచినా ఒక్కసారీ ఓటు వేయని పెద్దలు మన సభ్యుల ఇళ్లలో ఉన్నారని ఈ పనిలో తెలియడం మమ్మల్ని బాధించింది.

వచ్చే ఏడాది ఈ శాఖతో కలిసి పాఠశాల గ్రంథాలయాలకు పుస్తకాల సేకరణ చేపట్టాలని, నమోదు బల్లను గుడితో పాటు భారతీయ కిరాణా దుకాణాల వద్ద కూడా ఏర్పాటు చేయాలని కార్యవర్గం తీర్మానించింది. పోలింగ్ రోజున పెద్దలను తీసుకెళ్లి దింపడానికి కార్లు ఉన్నవారు, బ్యాలెట్ నమూనాను ముందుగా తెలుగులో చదివి వినిపించగలవారు తమ పేర్లను సర్వసభ్య సమావేశం ముగిసేలోగా మహిళా విభాగం సభ్యులకు ఇవ్వవలసిందిగా కోరుతున్నాం.

ఇట్లు,
కార్యదర్శి, కార్యవర్గం తరఫున