తాగుడుకు చికిత్స జనరల్ వార్డులోనే మొదలు కావాలి

సంపాదకులు గారికి,

నమస్కారములు. మద్యం దుకాణాల సంఖ్య, వేళలు, ధరలు, లైసెన్సుల గురించి మీ పత్రికలో తరచుగా వార్తలు, వ్యాఖ్యలు వస్తున్నాయి. అవన్నీ అవసరమైనవే. అయితే తాగుడుకు బానిసైన మనిషి ఏ కాలు విరిగో, కడుపునొప్పితోనో ప్రభుత్వాసుపత్రిలో చేరాక అతనికి ఏమవుతోందన్న సంగతి ఆ చర్చల్లో ఎక్కడా కనబడదు. బీఎస్సీ నర్సింగ్ మూడో సంవత్సరం విద్యార్థినిగా ఆ విషయాన్ని మీ పాఠకుల దృష్టికి, వైద్య ఆరోగ్య శాఖ దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

ఈ జబ్బును అర్థం చేసుకోవాలన్న పట్టుదల నాకు మా ఇంట్లోనే కలిగింది. మా మేనమామ మంచి పనిమంతుడైన ఎలక్ట్రీషియన్. అతని తాగుడు మాన్పించడానికి మావాళ్లు దేవుడి ముందు ఒట్టు వేయించారు, తాయెత్తు కట్టించారు, చివరికి అయ్యప్ప మాల వేయించారు. దీక్ష మొదలైన రెండు రోజులు అతని చేతులు వణికి, ఒళ్లంతా చెమటలు పట్టి, రాత్రుళ్లు నిద్రలేకపోతే అదంతా ఒంటిపూట భోజనం వల్ల వచ్చిన నీరసమేనని అందరూ అనుకున్నారు. నలభై ఒక్క రోజులూ చుక్క ముట్టని మనిషి మాల తీసిన వారానికే మళ్లీ మొదలుపెట్టేసరికి, అన్నాళ్లు మానినవాడు ఇప్పుడెందుకు మానలేడు, బుద్ధి లేక కాకపోతే, అన్నారు. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. దానికి జవాబు మానసిక ఆరోగ్య నర్సింగ్ చదివేటప్పుడు దొరికింది. మద్యం మెదడును మందగింపజేస్తుంది. ఏళ్ల తరబడి రోజూ తాగేవారిలో మెదడు ఆ మందగింపును తట్టుకోవడానికి తన ఉద్రేకాన్ని పెంచుకుంటూ పోతుంది. ఒక్కసారిగా మద్యం ఆగిపోతే ఆ పెరిగిన ఉద్రేకానికి అడ్డు ఉండదు. వణుకు, చెమట, నిద్రలేమి, గుండెదడ అందువల్లే వస్తాయి. అవి తగ్గాక కూడా తాగాలన్న తపన నెలల తరబడి ఉండిపోతుంది కాబట్టి, మానడం ఒక ఎత్తయితే మళ్లీ మొదలుపెట్టకుండా నిలబడటం మరో ఎత్తు.

క్లినికల్ డ్యూటీలో భాగంగా ఒక ఎముకల వార్డులో చూసినదాన్ని ఇక్కడ చెప్పాలి. కాలు విరిగిన ఒక తాపీ మేస్త్రీని చేర్చుకునేటప్పుడు, భార్య, అత్తగారు, ఊరివాళ్లు చుట్టూ నిలబడి ఉండగా, తాగే అలవాటు ఉందా అని గట్టిగా అడిగారు. ఆయన తల దించుకున్నారు, భార్య లేదని చెప్పింది, కేస్ షీట్‌లో అలవాట్లు అన్నచోట ఏమీ లేవని రాశారు. రెండో రోజు రాత్రికి ఆయన దుప్పటి మీద లేని చీమలను ఏరడం మొదలుపెట్టారు, సెలైన్ సూది పీకేశారు, గోడ మీద ఎవరో నిలబడ్డారని కేకలు వేశారు. గాలి సోకిందని బంధువులు, తలకు దెబ్బ తగిలిందేమోనని సిబ్బంది భయపడ్డారు. తెల్లవారేదాకా చేతులు మంచానికి కట్టి ఉంచారు. ఉదయం వచ్చిన డాక్టరు గారు భార్యను పక్కకు పిలిచి నెమ్మదిగా అడిగితే, కొన్నేళ్లుగా రోజుకు రెండు క్వార్టర్లకు తక్కువ లేదని తేలింది. మెదడు ఉద్రేకాన్ని తగ్గించే లోరాజెపామ్, బీ1 విటమిన్ అయిన థయమిన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టాక గానీ ఆయన కుదుటపడలేదు. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టర్లను నేను తప్పుపట్టడం లేదు. అంతమంది రోగులను చూసుకునే ఒకరిద్దరికి ఈ విషయంలో ప్రత్యేక శిక్షణ ఎవరిచ్చారు?

చివరిసారి తాగిన ఆరేడు గంటల నుంచే వణుకు కనిపించవచ్చు. మొదటి రెండు రోజుల్లో మూర్ఛ (ఫిట్స్) రావచ్చు. రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య మతిభ్రమణ దశ రావచ్చు, దానికి చికిత్స చేయకపోతే ప్రాణం పోయే ప్రమాదం ఉంది. అందువల్ల చేర్చుకునేటప్పుడు అడగవలసినది తాగుతారా లేదా అన్నది ఒక్కటే కాదు. ఏం తాగుతారు, రోజుకు ఎంత, చివరిసారి ఎన్ని గంటలకు తాగారు అన్నవి కూడా బంధువులను కాసేపు బయటికి పంపి, మందలింపు లేని గొంతుతో అడగాలి. ఇందుకు స్కానింగులూ కొత్త యంత్రాలూ అక్కర్లేదు. థయమిన్ చౌక మందు. పోషణ దెబ్బతిన్న ఇలాంటి రోగికి దాన్ని ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకు శాశ్వత నష్టం కలగవచ్చు.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి కల్లు, మద్యం దుకాణాలు ఒక్కసారిగా మూసేసినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి వణుకుతో, పిచ్చిచూపులతో జనం వరుస కట్టిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఆ వార్తలు కొద్దిరోజులు వచ్చి ఆగిపోయాయి. కానీ అలాంటి రోగులు జిల్లా ఆసుపత్రుల జనరల్ వార్డులకు ఒక్కొక్కరుగా వస్తూనే ఉన్నారు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారాపై తిరగబడ్డారు. వారి పోరాట ఫలితంగా 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. ఆ తల్లుల పోరాటం పట్ల నాకు అపారమైన గౌరవం ఉంది. దుకాణం ఉండాలా వద్దా అన్నది ప్రజలు, ప్రభుత్వాలు తేల్చుకోవలసిన విషయం. ఏది తేల్చినా, ఇప్పటికే జబ్బుపడినవారికి వైద్యం మాత్రం కావాలి. 2019లో వెలువడిన ఎయిమ్స్ జాతీయ సర్వే ప్రకారం దేశంలో మద్యానికి బానిసలైనవారు సుమారు 2.9 కోట్ల మంది. వారిలో 38 మందికి ఒక్కరికి మాత్రమే ఏదో ఒక చికిత్స అందింది. మద్యం వల్ల కలిగే మానసిక స్థితులను 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక అనారోగ్యం కిందే చేర్చింది, వారికి ప్రభుత్వ వైద్యసేవలు పొందే హక్కునూ ఇచ్చింది.

ఆ మిగతా 37 మంది ఎక్కడికి వెళ్తున్నారో తెలియాలంటే ఏ బస్టాండు గోడనైనా చూడండి. తాగేవారికి తెలియకుండానే తాగుడు మాన్పిస్తామన్న ప్రకటన ఒక ఫోన్ నంబరుతో సహా అంటించి ఉంటుంది. ఆ పొడిలో ఏముందో భార్యకు తెలియదు, అమ్మేవాడు చెప్పడు. మద్యం ఒంటికి పడకుండా చేసే డైసల్ఫిరామ్ లాంటి మందును మనిషికి తెలియకుండా అన్నంలో కలిపి పెడితే, ఆ పైన అతను తాగినప్పుడు బీపీ పడిపోయి ప్రాణాల మీదికి రావచ్చు. రోగి ఒప్పుకుని, డాక్టరు పర్యవేక్షణలో వాడవలసిన మందు అది.

కాబట్టి జిల్లా, ఏరియా ఆసుపత్రులన్నింటిలో పైన చెప్పిన ప్రశ్నలను కేస్ షీట్‌లోనే అచ్చువేయించి, వణుకు, చెమట, నాడి కొలిచి రాసే పట్టికను జనరల్ వార్డు సిస్టర్లకు నేర్పించాలని ఆరోగ్య శాఖను కోరుతున్నాను. మద్యం మీద వేల కోట్లు రాబట్టుకుంటున్న ప్రభుత్వాలకు ఈ శిక్షణ ఖర్చు భారం కాదు. విరిగిన కాలికి కట్టు వేసి పంపేసే ముందు ఆ రోగిని మానసిక వైద్య విభాగానికి ఎవరో ఒకరు వెంటబెట్టుకుని తీసుకెళ్లాలి. చీటీ రాసి ఇస్తే వెళ్లేవారు తక్కువ. ఇంటికి వెళ్లాక మళ్లీ తపన పుట్టిన రాత్రి ఎవరితో మాట్లాడాలో ఆ కుటుంబానికి తెలిసేలా, ప్రభుత్వ ఉచిత మానసిక ఆరోగ్య ఫోన్ సేవ అయిన టెలి మానస్ నంబరు 14416ను డిశ్చార్జి కాగితం మీద పెద్ద అక్షరాలతో ముద్రించాలి. ఈ ఒక్క పనికైనా కొత్త బడ్జెట్ కోసం ఆగనవసరం లేదు.

ఇట్లు,
ఒక నర్సింగ్ విద్యార్థిని,
గుంటూరు