స్వీటు తయారీ కింద ఒక్క లైను వేయండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సంచికలో పండగ వంటల పేజీని నేను వదలకుండా చదువుతాను. నచ్చినవి కత్తిరించి దాచుకుంటాను కూడా. మొన్న వచ్చిన స్వీటు తయారీలో ‘చక్కెర 2 కప్పులు’ అని వేశారు. అది ఎంతమందికో, ఎన్ని ముక్కలు వస్తాయో రాయలేదు. కప్పు చక్కెర సుమారు 200 గ్రాములు తూగుతుంది. రెండు కప్పులంటే 400. పళ్లెంలో పరిచి 16 ముక్కలు కోశాను. ముక్కకు 25 గ్రాముల చక్కెర పడింది.

రోజుకు 2,000 కేలరీలు తినే మనిషికి విడిగా కలుపుకునే చక్కెర 50 గ్రాములు దాటకూడదని, 25 లోపు ఉంటే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. టీలో వేసుకునేది, కూల్‌డ్రింకులో ఉండేది, చివరికి పళ్లరసంలోదీ ఈ లెక్కలోకే వస్తుంది. అంటే నా పళ్లెంలో ఒక్క ముక్క తింటే ఆ రెండో లెక్క ప్రకారం రోజంతటి కోటా అయిపోయినట్టే. స్వీటు బాగా కుదిరింది, నేనూ తిన్నాను. అందులో సగం సైజు ముక్కలు కోసినా ఎవరూ వెలితి పడేవారు కాదు.

నేను రిటైరైన స్టాఫ్ నర్సును. ఎక్కువ కాలం షుగర్ పేషెంట్లున్న వార్డులోనే పనిచేశాను. పండగల్లో షుగర్ పెరిగి వచ్చేవాళ్ల గురించి అందరికీ తెలుసు. షుగర్ పడిపోయి వచ్చేవాళ్ల గురించి ఎవరూ రాయరు. మధ్యాహ్నం విందు ఉంది కదా అని పొద్దున టిఫిన్ మానేస్తారు. మాత్ర మాత్రం మానరు, డాక్టరు మానొద్దన్నారు కాబట్టి. విందు పన్నెండుకన్నది రెండున్నరకు గానీ మొదలవదు. ఈలోగా ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు, మాట తడబాటు. చుట్టూ ఉన్నవాళ్లు నీరసం అనుకుని పడుకోబెడతారు. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు ఈ ప్రమాదం ఎక్కువ. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు చాలా అరుదు. మనిషి తెలివిలో ఉంటే వెంటనే మూడు టీ చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాలి, పావుగంట ఆగి మళ్లీ షుగర్ చూడాలి. తెలివి లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి. పెట్టె నిండా స్వీట్లున్న ఇంట్లో షుగర్ పడిపోయి కూలబడినవాళ్లను నేను చూశాను.

ఏ ముక్కలో ఎంత ఉందో తెలియనప్పుడు మనిషి చేసేది ఇదే: అయితే పస్తు, లేకపోతే ‘పోనీలే’ అని తెగబడటం. తెలిస్తే పొద్దున ఎప్పటిలాగే టిఫిన్ చేసి, విందులో ఒక చిన్న ముక్క పెట్టించుకుని, తిన్నాక కాసేపు నడుస్తాడు. నడిచేటప్పుడు కండరాలు రక్తంలోని చక్కెరను లాక్కుంటాయి కాబట్టి భోజనం తర్వాత నడక ఊరికే పోదు.

వడ్డించేవాళ్లతో కూడా ఒక మాట. కొసరి కొసరి వడ్డించడం ప్రేమే, కాదనను. కానీ ‘ఒక్క రోజుకి ఏమవుతుందిలే’ అని ప్రతి ఇంట్లోనూ అంటే తినేవాడికి అది ఒక్క రోజు కాదు, నెలంతా. మొహమాటానికి తినేవాడు తర్వాత బాధపడేది తన ఇంట్లోనే. ఒకసారి వద్దంటే వదిలేయండి.

ఇక పండగ అయిపోగానే మీరే వేసే ‘మూడు రోజుల డిటాక్స్’ వ్యాసాలు, ఒంట్లోని మలినాలను కడిగేసుకోమని చెప్పేవి. కాలేయం, కిడ్నీలు ఆ పని రోజూ చేస్తూనే ఉంటాయి, వాటికి ఆకుపచ్చ రసాల సాయం అక్కర్లేదు. పైగా షుగర్ మందులు వాడేవాళ్లు అది చదివి పస్తులుంటే నేను పైన చెప్పిందే జరుగుతుంది. అమెరికాలో 195 మంది పెద్దవాళ్ల బరువు వరసగా తూచి చూసిన అధ్యయనం ఒకటి 2000లో వచ్చింది. నవంబరు నుంచి జనవరి దాకా సాగే సెలవుల కాలంలో వాళ్లు పెరిగింది సగటున 400 గ్రాముల లోపే. చిక్కేమిటంటే, తర్వాతి నెలల్లో అది తగ్గలేదు. ఏటా అలా కొంచెం కొంచెం పోగవుతూ పోతుంది. దాన్ని మూడు రోజుల్లో కరిగించడం ఎవరి తరమూ కాదు, పండగ ముందే కాస్త చూసుకోవడమే దారి.

కాబట్టి నేను కోరేది చిన్నదే. ప్రతి వంటకం కింద మూడు సంగతులు అచ్చు వేయండి: ఎన్ని ముక్కలు లేదా ఎంతమందికి, ఒక్కొక్కరికి ఎన్ని గ్రాముల చక్కెర, ఎన్ని చెంచాల నూనె లేదా నెయ్యి. వంటలు పంపేవాళ్లను కప్పుల్లో కాకుండా గ్రాముల్లో రాయమనండి. వేపుళ్లకైతే నూనె లెక్క కష్టం, మూకుడులో పోసిందంతా లోపలికి పోదు. వాటికి ఎన్ని వచ్చాయో చెబితే చాలు. డిటాక్స్ వ్యాసం ఆపేస్తే ఈ లైన్లకు కావలసిన చోటు ఎలాగూ మిగులుతుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు