శీనుగాడికి, జాడీ కేసు తిరగదోడిన సందర్భంగా

ఒరేయ్ శీనుగా,

నీ మెయిల్ వచ్చి మూడు వారాలైంది, ఇప్పటికి తీరింది, తిట్టుకో. ఇక్కడ అందరం బానే ఉన్నాం, పాపకి పాలపళ్ళు ఊడుతున్నాయి, నాన్న షుగరు కంట్రోల్లోనే ఉంది, పై వాటా ఇంకా ఖాళీయే. విశేషాలు అయిపోయాయి. ఇక అసలు సంగతి.

98 వేసవిలో మావయ్య దగ్గర కూర్చోబెట్టి అమ్మమ్మ చేత పాడించిన క్యాసెట్ గుర్తుందా, అప్పగింతల పాటలు, దంపుళ్ళ పాటలూ? అటక మీద ఇత్తడి బిందెలో దొరికిందిరా! పెన్సిల్ పెట్టి తిప్పా, ఇయర్‌బడ్‌తో స్పిరిట్ రాసి హెడ్ తుడిచా, టేప్ రికార్డర్ హెడ్‌ఫోన్ చిల్లు నుంచి లాప్‌టాప్‌కి వైరు పెట్టి ఆడాసిటీ అనే సౌండ్ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో రికార్డ్ కొట్టా. పైసా ఖర్చు లేదు, ఆడాసిటీ ఫ్రీనే కదా. అది 2000లో వచ్చిందట, అంటే మన క్యాసెట్ కంటే చిన్నది. మొదట వింటే ఒకటే గుయ్యిమనే మోత, గంటసేపు జుట్టు పీక్కుని చివరికి చార్జర్ పీకేస్తే ఆగింది. ఒక్కో వైపు అరగంట, తొందరపెడితే కుదరదు, పాడుతున్నంతసేపూ పక్కన కూర్చోవాల్సిందే.

ఇక బుస్సుమనే శబ్దం తీసేయాలి కదా. దానికి పాట లేని చోట ఓ ముక్క సెలెక్ట్ చేసి, ఎఫెక్ట్స్‌లో నాయిస్ రిడక్షన్‌కి వెళ్ళి గెట్ నాయిస్ ప్రొఫైల్ అనాలి, అంటే "ఇదిగో చెత్త ఇలా ఉంటుంది" అని దానికి చూపించడమన్నమాట, తర్వాత మొత్తం సెలెక్ట్ చేసి మళ్ళీ నొక్కితే అలాంటిదంతా తగ్గిస్తుంది. నేను రెండో పాటకీ మూడో పాటకీ మధ్య ఖాళీ తీసుకున్నా, ఎంత తగ్గించాలనే చోట 12 డెసిబుల్స్ ఉన్నదాన్ని ఆశకొద్దీ 30 చేశా. అంతే, అమ్మమ్మ బావిలో మునిగి పాడుతున్నట్టు అయింది! కంట్రోల్ జెడ్.

12కి దించినా అదే గుడగుడ. ఆ ఖాళీలో ఏదో ఉందని అనుమానమొచ్చి స్పెక్ట్రోగ్రామ్, అంటే శబ్దాన్ని బొమ్మలా చూపించేది, పెట్టి చూస్తే మరకలు మరకలుగా కనపడింది, ఉత్త బుస్సయితే అలా ఉండదు. ఆ ముక్కనే యాంప్లిఫై చేసి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నా.

నువ్వేరా వెధవా!

"ఒరే, జాడీ పగిలిపోయిందిరా, పిల్లి అని చెబుదాం" అని గుసగుస. నేను "పిల్లి కాదు, నువ్వే" అంటున్నా. దానికి నువ్వు, విను, "నువ్వే అని ఒప్పుకో, నా ఎర్ర బొంగరం ఇచ్చేస్తా". తర్వాత అమ్మమ్మ దగ్గి మూడో పాట మొదలెట్టింది. ఇన్నేళ్ళూ పెసరట్టు మీద ఒట్టేసి మరీ "బొంగరం ఇస్తానని నేనెప్పుడన్నా" అన్నావు చూడూ! ఆవకాయ జాడీకి దెబ్బలు తిన్నది ఎవరు? సాక్ష్యం ఉంది ఇప్పుడు, బొంగరం పంపు, వడ్డీ తర్వాత మాట్లాడుకుందాం.

ప్రొఫైల్‌కి టేపు చివర నిజంగా ఖాళీగా ఉన్న చోటు తీసుకున్నా, గొంతు బాగా వచ్చింది. కొంచెం బుస్సు ఉంచేశా. అమ్మకి ముందు ప్రాజెక్ట్ ఫైలే వాట్సాప్‌లో పంపేశా, తెరుచుకోలేదని గోల, అది ఆడాసిటీలో తప్ప పాడదు, ఎంపీత్రీగా ఎక్స్‌పోర్ట్ చేయాలి. చేసి పంపా. మొదట్లో అమ్మమ్మ "నొక్కావా? ఎర్ర లైటు వెలిగిందా?" అని అడుగుతుంది చూడు, అక్కడికే అమ్మ ఫోన్ నా చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. పాటలు ఇంకా వినలేదు. నేనూ అడగలేదు.

కవర్ బొమ్మ గింప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో చేస్తున్నా, పేరు రామభద్ర ఫాంట్‌లో పెట్టా, బానే ఉంది కానీ మావయ్య ఫొటో పక్కన కొంచెం... సరే చూసి చెప్పు. మన పెళ్ళిళ్ళ డీవీడీలు కూడా హ్యాండ్‌బ్రేక్ అనే వీడియోలు మార్చే సాఫ్ట్‌వేర్‌లో వేసి ఎంపీఫోర్లు చేద్దామనుకుంటున్నా, నువ్వు మా వాళ్ళ బస్సులో నిద్రపోయిన సీను ఉంటుంది కదా, అది మీ ఆవిడకి

ఒరే, కరెంట్ పోయింది, బ్యాటరీ ఆరు శాతం. జాడీ ముక్క విడిగా జతచేశా. బొంగరం ఎర్రదే కావాలి.

నీ
టేకుపుల్ల