కిట్టుకి, సీటింగ్ ప్లాన్ ఖాయం చేసే ముందు

నాన్నా కిట్టూ,

ఫోన్లో సగం మాటలయ్యాక నీకు మీటింగ్ అన్నావు, మిగతావి రాసేస్తున్నా. కొత్త ఫ్లోర్‌కి మారే పని మొత్తం నీ చేతిలో పెట్టారని విన్నప్పుడు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. విజయవాడలో ఇన్నేళ్లుగా నేను చేస్తున్న పనిలో ఒక ముక్క ఇప్పుడు హైదరాబాద్‌లో నీకొచ్చింది. ఆర్కిటెక్ట్ పంపిన డ్రాయింగ్‌లో అందరికీ కుర్చీలు సరిపోయాయి, ఇక ఓకే చెప్పేయనా అని అడిగావు కదా. చెప్పకు. ఇంకో రెండు వారాలు టైమ్ ఇమ్మని మీ మేనేజర్‌ని అడుగు, ఆ రెండు వారాలూ ఇప్పుడున్న ఆఫీసులో తిరిగి చూడు.

బిల్డింగుల బాగోగులు చూసుకునే మా ఫెసిలిటీ మేనేజర్ల సంఘంలో అందరం ఎక్కువగా మాట్లాడుకునేది ఇదే. నెలకోసారి కలుస్తాం, ఒకసారి ఆస్పత్రిలో, ఒకసారి కాలేజీలో, ఒకసారి ఐటీ ఆఫీసులో, ఎవరి బిల్డింగ్ అయితే వాళ్లే తిప్పి చూపిస్తారు. ఉపన్యాసాలు తక్కువ. టెర్రస్ మీద ఏసీకి నీళ్లు చల్లబరిచే చిల్లర్ మెషీన్ల దగ్గర మొదలుపెట్టి పంపు రూము, ప్యానెల్ రూము చూసుకుంటూ జనం కూర్చునే చోటికి దిగుతాం. గన్నవరం వైపు ఒక ఆఫీసుకి వెళ్లినప్పుడు అక్కడి మేనేజర్ గారు ఒక కాగితం చూపించారు. ఫ్లోర్ ప్లాన్ ప్రింటు, అంతే. ఉదయం పదకొండుకి ఒక రౌండు, మధ్యాహ్నం మూడున్నరకి ఇంకో రౌండు. కుర్చీలో మనిషి ఉంటే అడ్డగీత, బ్యాగు ఉండి మనిషి లేకపోతే చుక్క, ఏమీ లేకపోతే ఖాళీగా వదిలేయడం. రోజూ అలా రాసిన కాగితాలన్నీ పక్కపక్కన పరిస్తే మాకు ఎక్కువ కనబడినవి చుక్కలే. మనిషి ఆఫీసుకి వచ్చాడు, బ్యాగు పెట్టాడు, మరి ఎక్కడున్నాడు? మెట్ల దగ్గర ఫోన్లో ఉన్నాడు, క్యాంటీన్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాడు, పది మంది పట్టే మీటింగ్ రూమ్‌లో ఇద్దరితో మాట్లాడుతున్నాడు. అలాంటి ఆఫీసుకి ఇంకో ఇరవై కుర్చీలు తెచ్చి వేస్తే ఏం లాభం? ఇద్దరు ముగ్గురు తలుపేసుకుని మాట్లాడుకునే చిన్న గదులు కావాలి వాళ్లకి. గేటు దగ్గర కార్డు స్వైప్ లెక్క చూస్తే మనిషి లోపలికి వచ్చినట్టే తెలుస్తుంది, ఎక్కడ కూర్చున్నాడో తెలీదు. అందుకే కాళ్లతో తిరిగి రాసుకోవాల్సిందే.

ఇంకో మాట, సగటు చూసి మోసపోకు. ఇంటినుంచి పనిచేసే రోజులు ఉన్నాయి కాబట్టి మీకు సోమ, శుక్రవారాలు పల్చగా ఉంటాయి, బుధవారం కిటకిటలాడుతుంది. సగటుకి సరిపోయేలా కుర్చీలు వేస్తే బుధవారం వచ్చినవాడికి చోటు దొరకదు, ఒక్కసారి అలా జరిగితే వాడు మళ్లీ ఆఫీసు ముఖం చూడడు. జనం ఎక్కువగా వచ్చే రోజుకి తగ్గట్టు ప్లాన్ చెయ్.

పడమటి వైపు అద్దాలు ఉన్నాయేమో చూసుకో. డ్రాయింగ్‌లో కిటికీ పక్క సీటు అందంగా ఉంటుంది, మూడు దాటాక స్క్రీన్ మీద ఎండ పడి అక్షరాలు కనబడవు. మా వాళ్లలో ఒకరి ఆఫీసులో పనిచేసే పిల్లలు కొరియర్ అట్టపెట్టెలు చింపి అద్దానికి టేపుతో అంటించుకున్నారు, అంత మంచి అద్దాల గోడకి అట్టముక్కలు! ఆ వైపు ఫైళ్ల అల్మారాలు, ప్రింటర్లు, మీటింగ్ గదులు పెట్టి రోజంతా కూర్చునేవాళ్లని ఉత్తరం, తూర్పు వైపులకి జరిపారు, గొడవ తీరింది.

ఏసీ గురించి నీకు తప్పకుండా తగాదాలొస్తాయి, ఇప్పుడే చెప్తున్నా. రోహిణి కార్తెలో బెజవాడ రోడ్డు మీంచి లోపలికి వచ్చినవాడికి 18 పెట్టినా చాలదు, అదే టైమ్‌లో గాలి నేరుగా నెత్తిన పడే చోట కూర్చున్న అమ్మాయి శాలువా కప్పుకుని ఉంటుంది. 24 దగ్గర పెట్టమని 2018లో కేంద్రం సలహా ఇచ్చింది, 2020 జనవరి నుంచి రూమ్ ఏసీలు 24 మీదే డిఫాల్ట్‌గా వస్తున్నాయి. ఒక్క డిగ్రీ పెంచితే కరెంటు దాదాపు 6 శాతం ఆదా అని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియన్సీ లెక్క. కానీ నెంబరు పెట్టేస్తే పనైపోదు. గాలి వచ్చే డిఫ్యూజర్ల పొజిషన్ డ్రాయింగ్ ఒకటి అడుగు, దాన్ని సీటింగ్ డ్రాయింగ్ మీద పెట్టి చూడు. ఏ డిఫ్యూజర్ కింద ఏ కుర్చీ వస్తుందో తెలిస్తే సగం ఫిర్యాదులు పుట్టకముందే పోతాయి.

డ్రాయింగ్ పట్టుకుని హౌస్‌కీపింగ్ అక్కల దగ్గర కూర్చో నాన్నా. ఇది మాత్రం మర్చిపోకు. ఆ బిల్డింగ్ గురించి వాళ్లకి తెలిసినంత ఎవరికీ తెలీదు. ఏ బాత్‌రూమ్ దగ్గర ఒంటిగంటకి లైను ఉంటుందో, ఎక్కడ డ్రెయిన్ వెనక్కి తంతుందో, చీపుర్లూ మాపులూ పెట్టుకునే గది లేక మెట్ల కింద ఎలా కుక్కుతున్నారో వాళ్లే చెప్పాలి. ఆఫీసుల్లో మగవాళ్లకి 25 మందికి ఒకటి, ఆడవాళ్లకి 15 మందికి ఒకటి చొప్పున టాయిలెట్లు ఉండాలని నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో ఉంది, మీ టీమ్‌లో ఎంతమంది ఆడపిల్లలో లెక్కేసి చూసుకో. మా సంఘం తరఫున హౌస్‌కీపింగ్ వాళ్లకి, ఎలక్ట్రీషియన్లకి సగం రోజు క్లాసులు పెడతాం. బాత్‌రూమ్ యాసిడ్, బ్లీచింగ్ కలిపితే క్లోరిన్ గ్యాస్ వస్తుందని, తలుపేసి ఉన్న గదిలో అది ప్రాణం మీదికి తెస్తుందని చెప్తే ఎంతమంది ఆశ్చర్యపోయారో! ఏళ్లుగా ఆ పని చేస్తున్నవాళ్లకి ఒక్కరూ చెప్పలేదు. నాకు చాలా బాధేసింది ఆరోజు.

సెల్లార్ సంగతి కూడా అడిగి తెలుసుకో. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రిక ఎలా మునిగిపోయాయో నువ్వూ చూశావు, ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది ఆ రోజుల్లో. అప్పుడు మా సంఘం వాట్సాప్ గ్రూపు రాత్రింబవళ్లు నడిచింది. ఎవరి దగ్గర నీళ్లు తోడే పంపు ఉంది, ఎవరి దగ్గర డీజిల్ మిగిలింది, ఎవరి ట్రాక్టర్ ఎక్కడిదాకా వెళ్లగలదు, ఇవే మెసేజీలు. జనరేటరు, మెయిన్ ప్యానెల్, యూపీఎస్ బ్యాటరీలు సెల్లార్‌లో ఉన్న బిల్డింగులు నీళ్లు తీశాక కూడా చీకట్లోనే ఉన్నాయి. ప్యానెల్ పై అంతస్తులో ఉన్నవాళ్లు తొందరగా లేచారు. నీళ్లు వస్తున్నాయని తెలియగానే లిఫ్టుని పై అంతస్తుకి తీసుకెళ్లి పవర్ ఆపేసినవాళ్లకి లిఫ్టు క్యాబిన్ దక్కింది, లేకపోతే గుంతలో నీళ్లలో నానేది. నీళ్లు పోయాక తొందరపడి స్విచ్ వెయ్యకుండా, కేబుళ్లు ఆరబెట్టి, మెగ్గర్ అనే మీటరుతో వైర్ల ఇన్సులేషన్ చూసుకున్నాకే లైన్ ఇవ్వాలని గ్రూపులో ఒకరికొకరు చెప్పుకున్నారు. వేర్వేరు కంపెనీల్లో పనిచేస్తూ, కొందరు పోటీ కంపెనీల్లో ఉండి కూడా, ఒకరి జనరేటర్ ఇంకొకరి ఆస్పత్రికి పంపారు. సంఘం అంటే నాకు అంత ప్రేమ ఎందుకో ఇప్పుడర్థమైందా?

కొత్త బిల్డింగ్‌లో నీళ్లు చేరే చోట ఏమున్నాయో వెళ్లి చూడు. అలాగే అగ్నిప్రమాదం వస్తే దిగే మెట్లు. 2020 ఆగస్టు 9న మన ఊళ్లో కోవిడ్ సెంటర్‌గా మార్చిన హోటల్లో మంటలొచ్చి రోగులు ప్రాణాలు పోగొట్టుకున్న తర్వాత మా సంఘంలో ప్రతి విజిట్‌లో ముందు చూసేది మెట్లే. తలుపుకి తాళం ఉందా, మెట్ల మీద పాత కుర్చీలు పేర్చారా, బిల్డింగ్‌ని వేరే పనికి వాడుతున్నప్పుడు ఎవరైనా మళ్లీ ఫైర్ సేఫ్టీ చూశారా అని. రెండు మెట్లదారులూ నువ్వే నడిచి దిగు, లిఫ్టులో వెళ్లి చూశాననకు.

వీల్‌చైర్ ర్యాంపు 12 అడుగుల పొడవుకి ఒక అడుగు కంటే ఎక్కువ ఎత్తు పెరగకూడదు, గేటు దగ్గర ఏదో ఏటవాలుగా సిమెంటు పోసి ర్యాంపు అంటే ఒప్పుకోకు. మీ ఆఫీసులో 50 మందికి పైనే కదా, చట్టం ప్రకారం క్రెష్, అంటే ఉద్యోగుల చంటిపిల్లల్ని చూసుకునే చోటు, ఉండాలి, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి బిడ్డని చూసుకోవచ్చు. దానికి చోటు ఇప్పుడు అడగకపోతే తర్వాత ఎవరూ ఇవ్వరు.

ఇదంతా ఒక్కడివే నెత్తినేసుకోకు, టెన్షన్ పడతావు. ఫెసిలిటీ మేనేజర్ల అంతర్జాతీయ సంఘం ఇఫ్మా 1980లో మొదలైంది, 2018 నుంచి ఈ పనికి ఐఎస్‌ఓ 41001 అని ప్రమాణం కూడా ఉంది. అంటే నీకొచ్చే డౌట్లు ఎప్పుడో ఎవరికో వచ్చినవే, అడిగితే చెప్పేవాళ్లున్నారు. హైదరాబాద్‌లోనూ మాలాంటి వాళ్లు కలుస్తుంటారు, మా గ్రూపులో ఒక సార్‌కి అక్కడ బాగా పరిచయాలున్నాయి, నీ గురించి చెప్పాను. వాళ్లు కలిసేటప్పుడు వెళ్లి కూర్చో, మొదట్లో ఏం మాట్లాడకపోయినా పర్లేదు, విను.

ముందు ఆ రౌండ్లు మొదలుపెట్టు. మొదటి వారం కాగితాలు ఫోటో తీసి పంపు, ఆదివారం నాన్నా నేనూ ఇద్దరం ఇంట్లోనే ఉంటాం, డిఫ్యూజర్ల డ్రాయింగ్ కూడా వస్తే వీడియో కాల్‌లో కలిసి చూద్దాం.

అమ్మ
విజయవాడ