ఎముక పెంచే పదార్థాలకు ల్యాబ్ పరీక్ష ఒక్కటే చాలదు

సంపాదకుడి గారికి,

గాజువాకలో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. హైవే మీద బైకు ప్రమాదాల్లో కాలు విరిగి, ఆపరేషన్ చేయించుకుని మా దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువ. మామూలుగా విరిగిన ఎముక తనంతట తానే అతుక్కుంటుంది. ముక్క పోయి పెద్ద ఖాళీ మిగిలితేనే కష్టం. చాలాసార్లు తుంటి నుంచి ఎముక తీసి అక్కడ పెట్టాల్సి వస్తుంది. ఆ తర్వాత కొందరికి కాలి కంటే తుంటే ఎక్కువ బాధపెడుతుంది. ఒక పెయింటర్ నడుముకు బెల్టు ఓర్చుకోలేక, లుంగీ ముడి రెండో పక్కకు జరిపి కట్టుకుని వచ్చేవాడు.

అందుకే వంగే గుణమున్న కృత్రిమ ఎముక పదార్థాల మీద నాకు చాలా ఆశ. మన ఎముకలోని ఖనిజం లాంటిదే హైడ్రాక్సీఅపటైట్. అదొక్కటే వాడితే పెళుసుగా ఉండి పగిలిపోతుంది. ఒంట్లో మెల్లగా కరిగే పాలిమర్ (ప్లాస్టిక్ లాంటి పదార్థం) కలిపితే కత్తిరించి, మడిచి ఖాళీలో అమర్చవచ్చు. అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం వాళ్లు 2016లో ప్రకటించిన పదార్థంలో బరువు లెక్కన 90 శాతం ఈ ఖనిజమే. ఎలుకల వెన్నులో, ఒక కోతి పుర్రెలో పెట్టి చూశారు. ఫలితాలు బాగున్నాయి. కానీ పుర్రె ఒంటి బరువు మోయదు కదా! మనవాళ్ల కాళ్లు గొంతుక్కూర్చోవాలి, మూటలు మోయాలి, సింహాచలం మెట్లెక్కాలి.

పదార్థం కరిగే వేగం, కొత్త ఎముక పెరిగే వేగం ఒకదానికొకటి సరిపోవాలి. ముందే కరిగిపోతే ఖాళీ అలాగే ఉంటుంది, మరీ ఆలస్యమైతే పెరిగే ఎముకకు అదే అడ్డం. ఒంటి వేడికి సమానమైన 37 డిగ్రీల ద్రవంలో నానబెట్టి, పదే పదే వంచి ల్యాబ్‌లో కొంత తేల్చవచ్చు. కానీ మనుషులందరూ ఒకేలా ఉండరు. షుగర్ ఉన్నవాళ్లకు, పొగతాగేవాళ్లకు ఎముక ఆలస్యంగా అతుకుతుంది. మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఈ రెండు రకాలూ ఉన్నారు. వాళ్లను పక్కనపెట్టి ఆరోగ్యవంతుల మీదే పరీక్షిస్తే, వచ్చే ఫలితం మాకెంత ఉపయోగం?

వైద్య పరికరాల పరీక్షల కోసం పెదగంట్యాడ దగ్గర మెడ్‌టెక్ జోన్ ఉంది. ఎముకలు విరిగి వచ్చే పేదలకు ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్ (కింగ్ జార్జ్ హాస్పిటల్) ఉంది. రెండూ ఒకే ఊళ్లో ఉండటం మన అదృష్టం. ప్రభుత్వం డబ్బిచ్చి ఈ రెండింటినీ కలిపి పని చేయించాలి. మనుషుల మీద పరీక్షకు అనుమతి, ఎథిక్స్ కమిటీ ఆమోదం ఎలాగూ తప్పనిసరి. దానికి తోడు అంగీకార పత్రం రోగికి అర్థమయ్యే తెలుగులో ఉండాలి, చదవలేనివారికి టెన్షన్ పెట్టకుండా కూర్చోబెట్టి చెప్పాలి. డిశ్చార్జితో వదిలేయకుండా కనీసం రెండేళ్లు పిలిచి ఎక్స్‌రే తీయాలి. దూరం నుంచి వచ్చే కూలీలకు బస్సు ఛార్జీ, పోయిన రోజు కూలి ఇస్తేనే అది జరుగుతుంది. ఎముక అతుక్కోని కేసులను కూడా దాచకుండా ప్రకటించాలి.

– ఒక ఫిజియోథెరపిస్టు, గాజువాక, విశాఖపట్నం